ఆవర్జాలు (కొట్టు ఖాతా పుస్తకాలు) తూకానికి అమ్మొద్దు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టాలో వరి స్థిరపడింది. వరి డబ్బు సార్వా (ఖరీఫ్) నూర్పిళ్లకి, దాళ్వా (రబీ వరి) ఉన్నచోట మళ్లీ ఆ కోతలకి గాని రైతు చేతికి రాదు. పెళ్లి ముహూర్తాలు ఆ లెక్క చూసుకుని రావు. ఈ ఎడంలోనే రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం మెయిన్‌రోడ్లలో కుటుంబాల బట్టల కొట్లు బతికాయి. తానులతో మొదలై రెడీమేడ్లు, పరుపులు, స్టీలు సామాను దాకా పెరిగినవీ ఉన్నాయి. ఏం అమ్మినా అసలు సరుకు అరువే.

ఇప్పుడు కొట్టు మూసే వేళ అన్నదమ్ముల పట్టింపంతా షట్టరు మీదా గిడ్డంగి మీదా ఉంటోంది. అటక మీది చిట్టాలు (రోజువారీ పద్దుల పుస్తకాలు), ఆవర్జాలు మాత్రం కిలోల లెక్కన పాత కాగితాల కొట్టుకు పోతున్నాయి. ఏ ఏడు ఏ ఊళ్లో ఎంత మిగిలిందో ఇంత సూటిగా చెప్పే పుస్తకాలు వేరే లేవని మా అభిప్రాయం.

వాటిని చదవడానికి కొంత తెలియాలి. 1957 ఏప్రిల్ 1కి ముందు పద్దుల్లో 3-8-0 అంటే మూడు రూపాయలు, ఎనిమిది అణాలు, సున్నా పైలు, అంటే మూడున్నర రూపాయలు. పన్నెండు పైలు అణా, పదహారు అణాలు రూపాయి. దశాంశాల్లా కూడితే మొత్తమంతా తప్పు. గజం 36 అంగుళాలు, తర్వాత వచ్చిన మీటరు 39.37. ఖాతా కింద రైతు సంతకమో వేలిముద్రో ఉంటే దానికి కారణం చట్టం. మూడేళ్లు దాటితే బాకీకి దావా చెల్లదు, గడువులోగా ఒప్పుకోలు రాయించుకుంటే మళ్లీ మూడేళ్లు. అలాంటి సంతకాలు వరసగా కనిపించే ఖాతా చాలాసార్లు పంట దెబ్బతిన్న ఇంటిదే.

తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకూడదు, కాగితం వంకర్లు పోయి పెళుసవుతుంది. నీడన ఫ్యాను గాలికి ఉంచి, పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మార్చాలి. తుప్పు గుండుసూదులు తీసేయాలి. చిరుగులకు సెల్లోటేపు వేస్తే జిగురు పసుపెక్కి అక్షరాన్ని మింగుతుంది. లామినేషన్ అసలే వద్దు. ఫొటోలు తీసేముందు పెన్సిలుతో పేజీ నంబర్లు వేసుకుంటే మధ్యలో జారిపోయినవి తెలుస్తాయి.

జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు యజమాని దగ్గరే ఉండాలి. అంతకు ముందటి పాత పుస్తకాలను గౌతమీ గ్రంథాలయమో, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమో అడిగి తీసుకోవాలి. అప్పుపడ్డవాళ్ల పేర్లు బయటపడతాయని కొట్టువారు జంకడం న్యాయమే. ఇన్నేళ్లదాకా పేర్లు ఎవరికీ చూపకూడదని, ఇచ్చేటప్పుడే షరతు రాయించుకోవచ్చు.