పల్లె చర్చికి తాళం వెయ్యమంటున్న వాళ్ళకు

ఈ వారంలో ఇదే మెసేజ్ నాకు ఐదోసారి వచ్చింది. "పల్లెల్లో పాతికమంది కూడా లేని సంఘాలు చచ్చిపోయినట్టే. మూసెయ్యండి, స్థలం అమ్మండి, టౌనులో పెద్ద మందిరంలో కలవండి" అని. పంపినవాళ్ళంతా నాకు కావలసినవాళ్ళే. అందుకే రాస్తున్నాను.

అదే మెసేజ్ ప్రకారం 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమేనట. మన పేటలో లెక్కలవాళ్ళకు ఎవరు ఏ మతం చెబుతారో, క్రైస్తవులమని రాయిస్తే ఎస్సీ హోదా దక్కనివ్వని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల అలా ఎందుకు చెప్పాల్సి వస్తోందో ఇది రాసినవాళ్ళకు తెలియదా?

పాత కీర్తనలకు కుర్రాళ్ళు పారిపోతున్నారట. క్రిస్మస్‌కి హైదరాబాదు నుంచి దిగగానే డోలక్ లాక్కునేది వాళ్ళే.

పెద్ద మందిరాలే సువార్తను నిలబెట్టాయట! అజరయ్య గారు దోర్నకల్ బిషప్ అయింది 1912లో. అక్కడి కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939లో. ఆ పాతికేళ్ళకు పైగా బిషప్ కిందుండే అధ్యక్ష మండలాన్ని (డయాసిస్‌ను) మోసింది పేటల్లో కాపురముండి అక్షరాలూ వాక్యమూ నేర్పిన ఉపదేశులు, వాళ్ళ చుట్టూ చేరిన పదీ ఇరవైమందీ.

నన్ను మండించింది మాత్రం "స్థలం అమ్మండి" అన్న మాట. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఆస్తులు దాని ట్రస్ట్ అసోసియేషన్‌వి, ఊరి కమిటీ సంతకం చెల్లదు. అది పక్కన పెట్టండి. మా సంఘంలో ఒక అవ్వ ఉంది. ఎసట్లో పోసేముందు రోజూ పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా చంకన పెట్టుకుని, గోడలు పట్టుకుంటూ చర్చికి వస్తుంది. ఆమెను ఆటో ఎక్కించి పద్నాలుగు కిలోమీటర్లు తీసుకెళ్ళేదెవరు? వేలమందిలో ఆమె రాకపోతే ఏమైందని అడిగేదెవరు? చర్చి వెనక సమాధుల తోటలో ఆమె భర్త ఉన్నాడు. అదీ అమ్మేస్తారా? గజం ఎంతకి?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. కుర్రాళ్ళు వెళ్ళిపోవడంలో తప్పు మాది. ఇరవై ఏళ్ళుగా కమిటీలో అవే నాలుగు పేర్లు, అందులో మా నాన్నదీ ఒకటి. పాస్టరు గారికి పది ఊళ్ళు, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభురాత్రి భోజనం నెలకొక్కసారి. మిరప కోతల్లో కూడా పొద్దున పదింటికే ఆరాధన పెడితే కూలికి పోయేవాళ్ళు ఎలా వస్తారు? ఈ ఏడు సంక్రాంతి తర్వాత రాత్రి ఏడింటికి మార్చాం. మిరప ఘాటుకి మండే చేతులకు కొబ్బరినూనె రాసుకుని వచ్చారు. మొదటి రాత్రే ముప్పై ఆరుమంది.

వచ్చే ఆదివారం వాక్యం చదివేది పదో తరగతి అమ్మాయి. మెసేజ్ పంపినవాళ్ళంతా రండి. చాపలు పరిచి ఉంచుతాం.