పదిహేను కేజీల ఆఫ్రికా

నిన్న సాయంత్రం నుంచి విశాఖ అక్కయ్యపాలెంలో, కనీసం మా వీధి మేరకు, నాకు కొత్త పేరొచ్చింది. పొద్దున్న కూరల బండి కుర్రాడు "ఆఫ్రికా బాబుగారూ, బెండకాయలు లేతగున్నాయండి" అని కేకేశాడు. ధర కూడా ఆ పేరుకి తగ్గట్టే చెప్పాడు.

ముందు జరిగింది గబగబా చెప్పేస్తాను. ఓ జీవితబీమా పాలసీ డబ్బు చేతికొచ్చింది. మళ్ళీ బ్యాంకులో వేస్తే దాని మొహం ఇంక చూడబోమని మా ఆవిడ తీర్మానించింది. టీవీలో సింహాలు కనపడితే ఆవిడ పొయ్యి మీద పాలు కూడా మర్చిపోతుంది. కెన్యా, అక్కడి మసాయి మారా అభయారణ్యం అనుకున్నాం. వచ్చిన డబ్బెంతో బడ్జెట్టూ అంతే, పైసా దాటకూడదని పాత డైరీలో రాసి సంతకాలు కూడా పెట్టుకున్నాం.

ద్వారకానగర్‌లో ఓ ట్రావెల్ ఏజెంటు దొరికాడు. పేరు చెప్పను. చూడ్డానికి పాతికేళ్ళ కుర్రాడు, మెత్తగా మాట్లాడతాడు. ప్యాకేజీ ధర చెప్పి "అన్నీ కలిపే సర్" అన్నాడు. అందులో కలపనివేమిటో రెండో పేజీలో, కళ్ళజోడు మార్పించుకుంటే గానీ కనపడనంత సన్నటి అక్షరాల్లో ఉన్నాయి. అవి మేం చదవలేదు. ఆయనే దయతలచి, అడ్వాన్సు కట్టాక, "చిన్న విషయం సర్" అంటూ రోజుకొకటి చొప్పున ఫోన్లో వినిపించాడు.

మొదటి చిన్న విషయం గేటు. మసాయి మారాలో విదేశీయులకి జూలై నుంచి డిసెంబరు దాకా మనిషికి రోజుకి 200 డాలర్ల ప్రవేశరుసుము. జనవరి నుంచి జూన్ దాకా అయితే 100. ఆ టికెట్టు పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే చెల్లుతుంది. ఇద్దరికీ మూడు రోజులకి 1,200 డాలర్లు. రూపాయల్లో లక్ష దాటేసింది, ఇంకా ఒక్క జింక తోక కూడా చూడకుండానే.

మా బావమరిది దీనికి ఉపాయం చెప్పాడు. "జూన్ ముప్పయ్యిన వెళ్ళిపో బావా, సగానికి సగం కలిసొస్తుంది."

వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకల మందలు లక్షల్లో టాంజానియాలోని సెరెంగెటీ నుంచి నది దాటి మారాలోకి వచ్చేది దాదాపు జూలై నుంచేనని చెప్పాను.

"ఒక్కరోజు ముందు రావేంటి?"

"వానని బట్టి, గడ్డిని బట్టి వస్తాయిరా. కేలెండరు చూసుకుని రావు."

"మరి ఆ రేటు పెట్టినోళ్ళకి గడ్డి సంగతి ముందే ఎలా తెలిసింది బావా?" అన్నాడు. జవాబు తోచక ఫోన్ పెట్టేశాను.

పోనీ పక్కనే ఉన్న టాంజానియా చవకేమోనని ఆరా తీశాం. అక్కడ ఎన్గోరోంగోరో అని ఆరిపోయిన అగ్నిపర్వతం నోరు ఉంది. ఆరొందల మీటర్ల లోతు, అడుగున ఏనుగులూ, సింహాలూ. అందులోకి బండి దింపాలంటే బండికి వేరే రుసుము, పన్నుతో కలిపి మూడొందల డాలర్లకి దగ్గర్లో. సింహాచలం కొండెక్కడానికి మనకీ టోల్‌గేటుంది కానీ, దిగడానికి డబ్బులడిగినవాడు ఇంతవరకూ లేడు. టాంజానియా కొట్టేశాం.

మిగతావి త్వరత్వరగా వచ్చి పడ్డాయి. కెన్యాకి ముందస్తు ఆన్‌లైన్ అనుమతి, మనిషికి 30 డాలర్ల పైచిలుకు. టీసీఎస్ అని విదేశీ ప్యాకేజీ మీద ముందుగానే పట్టుకునే ఆదాయపన్ను కోత, రిటర్న్స్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చట, అప్పటిదాకా మన డబ్బే మనకి కనపడదు. బండి నడుపుతూ జంతువుల్ని చూపించే డ్రైవరుకి రోజుకి పది నుంచి ఇరవై డాలర్ల టిప్పు. ఇక పసుపు జ్వరం టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన దేశంలోనే ఆరు రోజులు విడిగా కూర్చోబెడతారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుందన్నాడు. "ఇంత ఖర్చులోనూ జీవితాంతం చెల్లేది ఇదొక్కటే" అంది మా ఆవిడ.

డైరీలో చివరి పేజీలో "ఇతరములు: 42,000" అని నేనొక పద్దు రాసుకున్నాను. అది తెల్లారగట్ల గాలిబుడగలో ఎక్కి మారా మీద తిరిగే ఏర్పాటు, ఒక్కడికే. ఇద్దరికి లెక్క వేస్తే పాలసీ బోనసు కూడా చాలదు. మా ఆవిడకి ఎత్తంటే ఎలాగూ భయం కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. ఆవిడకి మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు అసలు కథ. నైరోబీ నుంచి మారాకి రోడ్డు మీద అయిదారు గంటలు. మా ఆవిడ నడుం అందుకు ఒప్పుకోదు. అందుకని నైరోబీలోనే విల్సన్ అని ఉన్న రెండో విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో వెళ్ళేలా మార్పించుకున్నాం. అదీ అదనమే. అది కట్టాక వచ్చింది చిన్న విషయం. ఆ విమానంలో మనిషికి పదిహేను కేజీలే. చేతిసంచీ, కెమెరా అన్నీ అందులోనే. పెట్టెలు పనికిరావు, నొక్కితే నొక్కుకునే మెత్తటి బ్యాగులే ఉండాలి. సరేనని పూర్ణామార్కెట్టుకి వెళ్ళి రెండు గుడ్డ బ్యాగులు తెచ్చాం.

ఆ వెనకే మరో చిన్న విషయం. కెన్యాలో ప్లాస్టిక్ సంచులు 2017 నుంచి నిషేధం. అడవుల్లోకైతే వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు కూడా రానివ్వరు. ఇది విన్న మా ఆవిడ అప్పటిదాకా కవర్లలో కట్టి పెట్టిన ఆవకాయ, కందిపొడి, జంతికలు, చేగోడీలు అన్నీ విప్పి స్టీలు డబ్బాల్లోకి మార్చింది. అవేమీ నేటి స్టీలు కాదు, వాళ్ళమ్మగారు సారెలో పెట్టినవి. ఖాళీ డబ్బా ఎత్తితేనే భుజం పట్టేస్తుంది. ఆవిడ బ్యాగు నిండిపోయి మిగిలినవి నా బ్యాగులోకి వలస వచ్చాయి.

బరువు చూడాలి. ఇంట్లో నిలబడి చూసుకునే మిషను ఉంది. దాని మీద బ్యాగు పెడితే అంకెలు బ్యాగు కిందకి పోతాయి. బ్యాగు పట్టుకుని మా ఆవిడని ఎక్కమన్నాను, ఆవిడ బరువు తీసేస్తే సరిపోతుంది కదా అని. ఆవిడ చూసిన చూపు ఇక్కడ రాయను. నేనెక్కుదామంటే నా నడుము ముందు బ్యాగు, కింద పాదాలు, మధ్యలో ఏమీ కనపడవు. అలా ఆ బ్యాగు భుజాన వేసుకుని వీధి చివర పాతసామాన్ల కొట్టుకి బయల్దేరాను. వాడి దగ్గర కొక్కేనికి వేలాడే ఎలక్ట్రానిక్ కాటా ఉంది.

కొట్టు మంచి రద్దీగా ఉంది. నేను నోరు తెరిచేలోగా పనికుర్రాడు బ్యాగు లాక్కుని కొక్కేనికి తగిలించేశాడు.

"పద్దెనిమిదీ... నాలుగొందలూ!" అని అరిచాడు.

ఓనరు చీటీ పుస్తకంలో రాస్తూ, తల ఎత్తకుండా "పేపర్లేనా బాబూ, ఇనుమేటైనా ఉందా?" అన్నాడు.

"స్టీలు డబ్బాలున్నాయి, కానీ..."

"స్టీలుకి రేటు వేరు. ముందే చెప్పాల కదేటి" అని, నేను ఆపేలోగా జిప్పు లాగేశాడు. పైన పేపర్లు పెట్టి అడుగున తడిపిన అట్టలూ రాళ్ళూ పెట్టేవాళ్ళని చూసి చూసి ఆయన అలా తయారయ్యాడట. ఆయన బాధ నాకర్థమైంది, జిప్పు మూస్తే బాగుండేది. ఒక్కొక్కటే బయటికి తీశాడు. ఖాకీ ప్యాంట్లు రెండు. అంచులు వెడల్పుగా ఉన్న టోపీ. బైనాక్యులర్స్. ఆవకాయ డబ్బా మూత తీసి వాసన చూసి, "ఇది అమ్మేత్తారేటి బాబూ?" అని నిజంగానే బాధపడ్డాడు. అప్పటికి నా చుట్టూ ఓ ఆటో డ్రైవరు, అట్టపెట్టెలు తెచ్చిన కిరాణా కుర్రాడు, పేపర్ల మూటతో ఒకావిడ పోగయ్యారు.

అమ్మడానికి కాదనీ, తూకం చూసుకోడానికే వచ్చాననీ, విమానంలో పదిహేను కేజీలే రానిస్తారనీ చెప్పాల్సొచ్చింది.

"ఏ ఊరెల్తన్నారు?" ఆటో డ్రైవరు.

"ఆఫ్రికా."

"కాంట్రాక్టు పనా?"

"కాదు, జంతువుల్ని చూడ్డానికి."

కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఓనరు, ఎంతో మర్యాదగా, "ఎండాడ కాడ జూ ఉంది కదా బాబూ. పులీ ఉంది, సింవమూ ఉంది" అన్నాడు.

"అక్కడ బోనుల్లో ఉండవు. బయటే తిరుగుతాయి."

"మన వీధిలో కుక్కలూ బయటే తిరుగుతన్నాయి" అన్నాడు ఆటో డ్రైవరు.

"పులి కూడా బయటేనా?" పేపర్ల ఆవిడ కళ్ళింత చేసుకుని అడిగింది.

ఇక్కడ నేను ఊరుకోవాల్సింది. కానీ డైరీ నిండా చదివింది రాసుకున్నవాణ్ణి కదా, "ఆఫ్రికా అడవుల్లో పులులుండవమ్మా. చిరుతలుంటాయి. పెద్దపులి మన ఆసియాదే" అని విడమర్చి చెప్పాను.

"ఓలమ్మో! అంత డబ్బెట్టెల్తే పులే లేదేటి!" అందావిడ. ఆవిడకి నా మీద కలిగిన జాలి ఎంత స్వచ్ఛమైనదంటే, తన పేపర్ల తూకం వాయిదా వేసుకుని మరీ నిలబడి చూసింది.

సరిగ్గా అప్పుడే మా అపార్టుమెంటు ప్రెసిడెంటుగారు పాత సీలింగు ఫ్యాను రెక్కలు చంకలో పెట్టుకుని వచ్చారు. ఆయన గురించి రెండు ముక్కలు చెప్పాలి. రిటైరైనప్పటి నుంచీ మా నీళ్ళ మోటారు, మెట్ల మీద చెప్పులు, చెత్తబుట్ట ముహూర్తం అన్నీ ఆయనే చూసుకుంటారు. అర్ధరాత్రి పన్నెండింటికి గ్రూపులో సున్నితమైన హెచ్చరికలు పెడతారు. ప్రస్తుతం లిఫ్టు మార్పిడి ఆయన చేతిలో ఉంది. ఫ్లాటుకి ఎనభై వేలు, రెండు వాయిదాల్లో. మొదటిది అందరం కట్టి నెలలైంది. లిఫ్టు మాత్రం కింది అంతస్తులో తలుపు సగం తెరుచుకుని అలాగే ఉంది, కంపెనీవాళ్ళ పార్టు రావాలట. రెండో వాయిదాకి "ఈ నెల చేతులో లేదండీ, వచ్చే నెల చూస్తాను" అని ఆయనకి నేను మొన్ననే చెప్పి ఉన్నాను.

"ఏంటి మాస్టారూ, సర్కస్‌లో చేరారా?" అన్నారు, టోపీ చూసి.

నా బదులు ఓనరు చెప్పాడు. "బాబుగారు ఆఫ్రికా ఎల్తన్నారండి. పులుల్లేవట."

"ఆహా, ఆఫ్రికా!" అన్నారు ప్రెసిడెంటుగారు ఫ్యాను రెక్కలు కింద పెట్టి. "మంచిదే. ఇద్దరికీ ఎంతవుతుందేంటి మాస్టారూ?"

అందరూ నా వైపే చూస్తున్నారు. అసలు అంకె చెబితే రేపటి నుంచి ఆటోవాడు మీటరుకి మూడు రెట్లు అడుగుతాడు. మరీ తగ్గించి చెబితే పేపర్లావిడ దృష్టిలో ఉన్న కాస్త పరువూ పోతుంది. నేను మధ్యేమార్గంగా చిరునవ్వు నవ్వి, "అబ్బే, పెద్దగా ఏముందండీ" అన్నాను.

"అయితే లిఫ్టు వాయిదాకి ఇబ్బంది లేదన్నమాట" అన్నారాయన. ఫోను తీసి, సంఘం ఖాతా కోడు నా మొహం ముందు పెట్టారు. జేబులో సిద్ధంగా పెట్టుకు తిరుగుతారనుకుంటాను. పాతసామాన్ల కొట్లో, సొంత చేగోడీల మధ్య నిలబడి నలభై వేలు పంపించాను. వెళ్ళింది వెళ్ళినట్టు ఫోను గంట కొట్టగానే పనికుర్రాడు చప్పట్లు కొట్టాడు.

ఓనరు చీటీ చింపి చేతిలో పెట్టాడు. "మిక్సుడు, 18.400" అని ఉంది. తూకం వేసినందుకు డబ్బులొద్దన్నాడు. రెండు చేగోడీలు తీసుకున్నాడు.

ఆ పద్దెనిమిది కేజీల నాలుగొందలూ భుజాన వేసుకుని నాలుగో అంతస్తుకి మెట్లెక్కాను. మా ఆవిడకి చీటీ చూపించి, మూడున్నర కేజీలు తగ్గించాలి, ఆవకాయ డబ్బా తీసెయ్యాలన్నాను.

"ఎందుకు తియ్యడం? మీ కెమెరా, ఆ గొట్టం లెన్సూ తీసెయ్యండి" అంది.

"కెమెరా లేకుండా సఫారీయా?"

"లిఫ్టుకి నలభై వేలు కట్టారని ప్రెసిడెంటుగారు ఇప్పుడే గ్రూపులో పెట్టారు" అంటూ డైరీలో చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టింది. "ఇంక ఆ బుడగ ఎక్కేది లేదుగా. పైనించి ఏం తీస్తారు ఫొటోలు?"