ఇంటిల్లిపాదికీ వీపీఎన్ ఎందుకు?

(కూకట్‌పల్లిలో ఓ ఫ్లాటు. బావమరిది రెండేళ్లకు వీపీఎన్ చందా కట్టి, కొత్త రౌటర్ కూడా తెచ్చాడు. వీపీఎన్ అంటే మన నెట్‌ని ఎవరికీ అర్థం కాకుండా మార్చి, ఓ కంపెనీ సర్వర్ మీదుగా పంపే సొరంగం లాంటిది. ఇంటి నెట్ మొత్తం దాని గుండానే పోవాలంటాడు. నెట్‌వర్కింగ్ ఉద్యోగం చేసే బావ ససేమిరా అంటున్నాడు.)

బావమరిది: ఫోన్‌లో, లాప్‌టాప్‌లో అయితే యాప్ వేసుకుంటాం బావా. మరి టీవీకి? గుమ్మం దగ్గర కెమెరాకి? రౌటర్‌లో ఒక్కసారి పెట్టేస్తే అన్నీ దాని కిందికే వస్తాయి. అమ్మకి కొత్తగా ఏమీ నేర్పక్కర్లేదు.

బావ: ఎవరి నుంచి దాచాలని?

బావమరిది: నెట్ కనెక్షన్ ఇచ్చినవాడి నుంచి. మనం చూసేదంతా వాడికి తెలుస్తుంది. బ్యాంకు పాస్‌వర్డ్ కూడా.

బావ: పాస్‌వర్డ్ తెలియదురా. బ్యాంకు సైటు హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తుంది. నీ ఫోన్ దగ్గరే ఎవరికీ అర్థం కాకుండా ఎన్‌క్రిప్ట్ అయి, బ్యాంకు సర్వర్ దగ్గరే విప్పుకుంటుంది. మధ్యలో వాడికి కనపడేది నువ్వు ఏ సైటుకు వెళ్లావు, ఎంతసేపున్నావు, ఎంత డేటా లాగావు, అంతే.

బావమరిది: అంతేనా? ఓ క్యాన్సర్ ఆసుపత్రి సైటు, ఓ అప్పుల యాప్, ఓ పెళ్లిసంబంధాల సైటు. ఈ పేర్లు వరసగా చూస్తే చాలు, ఇంట్లో ఏం జరుగుతోందో ఎవడైనా చెప్పేస్తాడు. లోపల ఏం చదివామో వాడికెందుకు?

బావ: ఆ మాట నిజమే, కాదనను. కానీ వీపీఎన్ పెడితే ఆ చిట్టా మాయమైపోదు, చేతులు మారుతుంది. ఇవాళ నెట్ వాడు చూస్తున్నది రేపు వీపీఎన్ వాడు చూస్తాడు. నెట్ వాడికి ఇక్కడ ఆఫీసు ఉంది, లైసెన్సు ఉంది, గొడవైతే వెళ్లి నిలదీయొచ్చు. వీడెక్కడున్నాడో నీకు తెలుసా? ఒనావో అని ఒక వీపీఎన్ యాప్ ఉండేది. 2013లో ఫేస్‌బుక్ కొనేసి, జనం ఏయే యాప్‌లు వాడుతున్నారో దాంతోనే చూసుకుంది. 2018లో ఆపిల్ అభ్యంతరం చెప్పాక యాప్ స్టోర్ నుంచి తీసేశారు. భద్రత కోసమని వేసుకున్నవాళ్లకి పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

బావమరిది: అది ఉచితంగా వచ్చింది. నేను డబ్బు కట్టాను.

బావ: కట్టు, వద్దన్నానా? ఇంకోటి విను. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేర్లు, చిరునామాలు, వాళ్లకిచ్చిన ఐపీలు, అంటే నెట్‌లో వాళ్ల అడ్రసు నంబర్లు, అయిదేళ్లు భద్రపరచాలని. మేం రాసిపెట్టం అంటూ ఎక్స్‌ప్రెస్, నార్డ్, సర్ఫ్‌షార్క్ ఇండియాలోని సర్వర్లను తీసేశాయి. ఇప్పుడు అలాంటి యాప్‌లో ‘ఇండియా’ అని ఎంచుకుంటే ఐపీ అడ్రసు మన దేశానిదే ఉంటుంది, మెషీన్ మాత్రం సింగపూర్‌లోనో లండన్‌లోనో ఉంటుంది. మాదాపూర్‌లో ఉన్న సర్వర్ నుంచి ఓ పేజీ తెరవడానికి సముద్రం దాటి వెళ్లి రావాలి. దానికి తోడు రౌటర్‌లో ఉండేది చిన్న ప్రాసెసర్. ఓపెన్‌వీపీఎన్ అనే పాత పద్ధతి పెడితే వంద ఎంబీపీఎస్ ప్లాను ఇరవైకో ముప్పైకో దిగుతుంది.

బావమరిది: ఇది పాత లెక్క బావా. ఈ రౌటర్‌లో వైర్‌గార్డ్ అనే కొత్త, తేలికైన వీపీఎన్ పద్ధతి ఉంది. 2020 నుంచి లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే ఉంటోంది. షాపులో నా కళ్లముందే వేసి చూపించాడు, స్పీడు పెద్దగా తగ్గలేదు.

బావ: సరే, వైర్‌గార్డ్ అయితే స్పీడు మాట వదిలేస్తా. రోజూ వచ్చే తలనొప్పుల సంగతి చెప్పు. ఓటీటీలు వీపీఎన్ ఐపీలను గుర్తుపట్టి ఆపేస్తాయి. కొన్ని బ్యాంకులు విదేశీ అడ్రసనుకుని లాగిన్ కానివ్వవు. అక్క ఆఫీసు లాప్‌టాప్‌లో కంపెనీ వీపీఎన్ ఎలాగూ ఉంది. సొరంగంలో ఇంకో సొరంగం. డేటా ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా వెళ్తుంది కదా, వైర్‌గార్డ్‌లో ఒక్కో ప్యాకెట్ సైజు మామూలుగా 1420 బైట్లు, దానిలో ఆఫీసుది ఇంకా తగ్గాలి. ఆ లెక్క తప్పిందా, కనెక్షన్ ఉందో లేదో చూసే చిన్న పింగ్ వెళ్తుంది, చాట్ వెళ్తుంది, ఫైలు అప్‌లోడ్ చేస్తే మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకునేసరికి సగం రోజు. పైగా వీపీఎన్ తెగితే నెట్ ఆగిపోయేలా కిల్ స్విచ్ కూడా పెడతానన్నావు. అత్తయ్య సీరియల్ మధ్యలో ఆగిపోతే పిలుపు ఎవరికి? నాకే.

బావమరిది: నీకు టెన్షన్ అని మా ప్రైవసీ వదులుకోవాలా?

బావ: ప్రైవసీ అంటున్నావు, ముందు మన వైఫై పాస్‌వర్డ్ ఏంటో చెప్పు.

బావమరిది: ...నాన్న ఫోన్ నంబరు.

బావ: గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలందరికీ తెలుసు. పై ఫ్లాటు పిల్లలు దాని మీదే గేములాడుతున్నారు. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టెలోంచి తీసినప్పుడు ఉన్నదే. ఇలాంటి ఇంటికి వీపీఎన్ ఏం చేస్తుంది?

బావమరిది: ఆ పాస్‌వర్డ్ పెట్టింది అక్క. గట్టిగా అడుగు, వంటింట్లోనే ఉంది.

బావ: (గొంతు తగ్గించి) అది తర్వాత మాట్లాడుకుందాం.

బావమరిది: తర్వాతెందుకు? నేను చేస్తే తెలివితక్కువ, అక్క చేస్తే తర్వాత!

బావ: సరేలే. నువ్వు కెమెరా అన్నావు కదా, దానికి వీపీఎన్ నిజంగానే పనికొస్తుంది, కాకపోతే ఎదురు దిక్కులో. చందా కట్టి మన నెట్‌ని బయటికి పంపడం కాదు, రౌటర్‌లోనే వైర్‌గార్డ్ సర్వర్ పెట్టుకుని బయటి నుంచి మనం లోపలికి రావడం. అప్పుడు కెమెరా వీడియో ఆ కంపెనీ క్లౌడ్‌కి పోనక్కర్లేదు. ఊళ్లో ఉన్నా ఫోన్‌లో గుమ్మం కనిపిస్తుంది.

బావమరిది: మనకి సీజీనాట్ కదా? ఒకే పబ్లిక్ ఐపీని ఎంతమందికి పంచుతున్నాడో. బయటి నుంచి మన రౌటర్‌ని పట్టుకోవడం ఎలా?

బావ: (కాసేపు ఆగి) చదువుకునే వచ్చావన్నమాట. స్టాటిక్ ఐపీ, అంటే మారకుండా మనకొక్కరికే ఉండే అడ్రసు అడగాలి.

బావమరిది: దానికి విడిగా డబ్బు కట్టాలి. నేను కడితే దండగ, నువ్వు కడితే జ్ఞానమా?

బావ: ఐపీవీ6, అంటే పంచుకోనక్కర్లేకుండా ఎన్ని అడ్రసులైనా ఇవ్వగలిగే కొత్త రకం ఐపీ, ఇస్తున్నాడేమో ముందు చూద్దాం. ఇస్తే డబ్బు అక్కర్లేదు. నీ చందా సంగతంటావా, కొత్త రౌటర్‌లో రెండో వైఫై పేరు పెట్టి దాన్ని ఒక్కదాన్నే వీపీఎన్ గుండా పంపు. నీ ఫోన్, నీ లాప్‌టాప్ దానికి తగిలించుకో. అక్క లాప్‌టాప్ జోలికి మాత్రం వెళ్లకు.

బావమరిది: టీవీ?

బావ: టీవీ మొదటిదానికే. ఏడున్నరకి మ్యాచ్ ఉంది.