ఐజీఈ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇమ్యునోగ్లోబులిన్-ఈ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. తమరు అలర్జీ రప్పించే యాంటీబాడీ, అంటే ఒంట్లోకొచ్చిన పరాయివాటిని పట్టుకునే ప్రోటీన్. తమరు దిగిన చోట కుశలం ఉండదు గనక నేరుగా విషయానికొస్తాం.

వానలు పడ్డాయి. గట్ల మీదా రోడ్ల పక్కనా వయ్యారిభామ విరగబూసింది. దాని పుప్పొడి రేణువు 20 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. అంత లావుది ఊపిరితిత్తుల అడుగుదాకా దిగలేదు. ముక్కులోనో గొంతులోనో, మహా అయితే పెద్ద గాలిగొట్టాల మలుపుల్లోనో శ్లేష్మానికి అతుక్కుంటుంది. అక్కడ శైలికలు, అంటే కణాల మీది సన్నటి వెంట్రుకల్లాంటివి, కాచుకుని ఉంటాయి. ఒక్కో కణం మీద సుమారు 200, పొడవు 6-7 మైక్రాన్లు. వాటి చుట్టూ పల్చటి నీటి పొర, దాని మీద జిగట పొర. నిటారుగా లేచి కొసలతో జిగటను పైకి నెట్టడం, నీటి పొరలోకి వంగి వెనక్కి రావడం, ఇదే పని, సెకనుకు పది పదిహేనుసార్లు. గాలిగొట్టంలో శ్లేష్మం నిమిషానికి ఇంచుమించు 5 మిల్లీమీటర్లు పైకి పాకుతుంది. గొంతు చేరాక మనకు తెలియకుండానే మింగేస్తాం, మిగతాది జఠరరసం చూసుకుంటుంది. నీటి పొర ఎండితే మాత్రం కొసలు జిగటలో ఇరుక్కుంటాయి. సిగరెట్ పొగకు మందగిస్తాయి, పొట్టిబడతాయి కూడా.

5 మైక్రాన్ల లోపు తునకలు ఊపిరితిత్తుల చివరన ఉండే గాలి సంచులు, వాయుగోణుల దాకా పోతాయి. అక్కడ శైలికలు లేవు, చెత్తను మింగే కణాలైన మాక్రోఫేజ్‌లున్నాయి. వాయుగోణుల లోపలి పూత సర్ఫాక్టెంట్‌లోని ప్రోటీన్లు తునకలకు అంటుకుని ఇదిగో అని చూపిస్తే, ఇవి మింగి ఎంజైములతో అరగదీస్తాయి. పైగా పక్కనున్న రోగనిరోధక టీ-కణాలను గోల చేయొద్దని సముదాయిస్తాయి. తిన్నదాని గురించి ఊరంతా టముకు వేయకపోవడం వాటి సంస్కారం.

ఇక తమరి సంగతి. నెత్తురులోని యాంటీబాడీల్లో అందరికన్నా తక్కువ మోతాదు మీదే. 1960ల మధ్యలో అమెరికాలోని డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యొహాన్సన్, బెన్నిచ్ పట్టుకునేదాకా తమరెవరో లోకానికి తెలియదు. 1968లో పేరు ఖాయమైంది. నెత్తురులో మీ అర్ధాయువు రెండు రోజులే, కానీ గాలిగొట్టాల గోడల్లో రసాయనాల సంచులతో కాపుండే మాస్ట్ కణం మీద ఎక్కి కూర్చున్నారంటే వారాల తరబడి దిగరు.

రేణువు శ్లేష్మం మీద ఉండగానే, నిమిషాల్లో దాని ప్రోటీన్లు కారిపోతాయి. కాపలా తిరిగే డెండ్రైటిక్ కణం చేయి చాచి వాటిని అందుకుని లింఫు గ్రంథికి మోసుకెళ్తుంది. అక్కడ కణాల మధ్య కబురు మోసే ప్రోటీన్లు ఇంటర్‌ల్యూకిన్-4, 13 ఆజ్ఞలతో బీ-కణాలు తమరిని తయారుచేస్తాయి. ఆపైన అదే ప్రోటీన్ మళ్లీ వచ్చి పక్కపక్కనున్న మీ ఇద్దరిని కలిపి పట్టుకుందా, మాస్ట్ కణం సరుకంతా కుమ్మరిస్తుంది. నిమిషాల్లో హిస్టమిన్, వెంటనే ల్యూకోట్రయీన్లు అనే రసాయనాలు. గొట్టాల కండరం బిగుస్తుంది, గోడ వాస్తుంది, పిల్లికూతలు మొదలు. నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి రెండో విడత మొదలుపెడతాయి. ఇంటర్‌ల్యూకిన్-13 ఊరించిన చిక్కటి శ్లేష్మం బిరడాల్లా అడ్డుపడి, శైలికల పనీ ఆగిపోతుంది. తుమ్ముతో నాలుగు రేణువులు ఎగిరిపోవడం నిజమే, కాదనం. కానీ దీన్నే మా ఊళ్లల్లో ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటారు. కొంకిపురుగుల మీద తమరు చేసిన సేవ వేరే సంగతి.

మెల్‌బోర్న్ మరిచారా? 2016 నవంబరు 21 సాయంత్రం ఉరుములతో గాలివాన. రైగడ్డి పుప్పొడి రేణువులు తేమకు పగిలి, ఒక్కోదాన్లోంచి వందల పిండి కణికలు, 3 మైక్రాన్ల లోపువి, బయటపడ్డాయి. లోతుగా దిగాయి. పదిమంది పోయారు. ఆసుపత్రుల పాలైనవారిలో అంతవరకు ముక్కు కారడమే తప్ప ఆస్తమా ఎరగనివాళ్లెందరో, భారతీయ మూలాలవాళ్లూ జనాభాలో తమ వాటాకు మించి ఉన్నారు. అక్కడి తెలుగువాళ్లు నవంబరులో ఉరుము వింటే కిటికీలు మూసుకోవడంలో తప్పేం లేదు.

కాబట్టి తమరికి నోటీసు. సెట్రిజిన్‌తో మీకు పెద్ద నష్టం లేదని మాకు తెలుసు. అది హిస్టమిన్‌నే అడ్డుకుంటుంది, ల్యూకోట్రయీన్లను కాదు. ముక్కు ఆరుతుంది, పిల్లికూతలు ఉంటాయి. రోజూ పీల్చే స్టెరాయిడ్ అసలు వాపును తగ్గిస్తుంది. పీల్చాక నోరు పుక్కిలించాలి, లేకపోతే నాలుక మీద బూజు. ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్, రెండు వారాలకో నాలుగు వారాలకో ఒకటి, మీరు మాస్ట్ కణం మీద కూర్చునే ఆ తోకనే పట్టుకుంటుంది. ఇప్పటికే కూర్చున్నవారు దిగిపోవాలి గనక ఫలితానికి వారాలు పడుతుంది. అలర్జీ తెచ్చేదాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ అయితే కనీసం మూడేళ్లు. ఈలోగా మీ దాయాది, మరో యాంటీబాడీ ఐజీజీ-4 పెరిగి, పుప్పొడి ప్రోటీన్‌ను మీకంటే ముందే అందుకుంటాడు.

అభ్యంతరాలుంటే ఆ మూడేళ్లలోపు తెలియజేయగలరు. తుమ్ముల ద్వారా పంపినవి స్వీకరించం.

ఇట్లు,
అర్ధరాత్రి పక్క మీద లేచి కూర్చునేవారి తరఫున