ఇన్సిడెంట్ రిపోర్ట్ రాసిన సిస్టర్‌కి మార్కులు ఎందుకు తగ్గాలి?

మార్చి నెలాఖరు వస్తే కార్పొరేట్ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సులకు వేరే టెన్షన్ మొదలవుతుంది. రాత్రంతా డ్యూటీ చేసి, ఉదయం ఎనిమిదింటికి హ్యాండోవర్ ఇచ్చి, ఇంటికెళ్లి పిల్లల్ని బడికి పంపాల్సిన మనిషి ఏడాది పనికి మార్కులు వేసే అప్రైజల్ కోసం సూపరింటెండెంట్ గది బయట పదకొండు దాకా కూర్చుంటుంది. లోపల మాట్లాడేది పది నిమిషాలు. నేను ఎనిమిదేళ్లు వార్డులో పనిచేశాను, ఆ పది నిమిషాలు ఒక్క ఏడాది కూడా నా డ్యూటీ టైంలో జరగలేదు.

ముందు సెల్ఫ్ అప్రైజల్ ఫారం ఇస్తారు. ఐదుకి ఎన్ని మార్కులో ఎవరికి వాళ్లే వేసుకోవాలి. ఐదు వేసుకుంటే అంత గొప్పగా చేశావా అన్నట్టు చూస్తారు, మూడు వేసుకుంటే "నువ్వే మూడు వేసుకున్నావు కదమ్మా, మేమేం చేస్తాం" అంటారు. అందుకే కొత్తగా చేరిన పిల్లలకు సీనియర్లు చెప్పే మాట ఒకటే, అన్నిటికీ నాలుగు వేసేయ్. ఇంచార్జ్ సిస్టర్‌ని అనడానికీ లేదు. వార్డుకి ఇద్దరికి మించి ఐదు ఇవ్వొద్దని ఆమెకి పైనుంచి ముందే చెప్పి ఉంటారు.

ఆ ఫారంలో టైంకి రావడం ఉంటుంది, జుట్టు, యూనిఫాం ఉంటాయి, పేషెంట్ ఫీడ్‌బ్యాక్ ఉంటుంది. ఇన్సూరెన్స్ అప్రూవల్ రాక డిశ్చార్జ్ సాయంత్రం దాకా ఆగితే పేషెంట్‌తో వచ్చిన అటెండర్ల కోపం ఎవరి మీద పడుతుంది? ఎదురుగా కనిపించే సిస్టర్ మీదే. ఆ షిఫ్టులో ఆమె చేతికింద ఎంతమంది రోగులున్నారన్న గడి మాత్రం నేను చూసిన ఏ ఫారంలోనూ లేదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురికి, మిగతా చోట్ల ఐదుగురికి ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. పదమూడు మందిని చూసిన రాత్రులు నాకు చాలా ఉన్నాయి.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇన్సిడెంట్ రిపోర్ట్, అంటే వార్డులో జరిగిన పొరపాటుని రాసిచ్చే కాగితం సంగతి. మా వార్డులో ఒక రాత్రి పక్కపక్క బెడ్లలో ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్లున్నారు. ఒకరికి ఇవ్వాల్సిన ఇన్సులిన్ ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్లిన సిస్టర్, సూది వేసే ముందు చేతి బ్యాండ్ చూసి ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె దాచలేదు, నియర్ మిస్ (జరగబోయి తప్పిన పొరపాటు) అని నిజాయితీగా రిపోర్ట్ రాసింది. ఏప్రిల్‌లో ఆమె అప్రైజల్‌లో అది మందుల పొరపాటుగా చేరింది, మార్కులు తగ్గాయి. ఆ తర్వాత మా వార్డులో అలాంటి రిపోర్ట్ ఎవరూ రాయలేదు. ఒకే పేరున్నవాళ్లను పక్కపక్కన పెట్టడం అలాగే కొనసాగింది, ఎందుకంటే అది సమస్య అని పైవాళ్లకి తెలిసే దారి మూసుకుపోయింది. ఆసుపత్రుల నాణ్యత చూసే ఎన్ఏబీహెచ్ సంస్థ గుర్తింపు కోసం నియర్ మిస్‌లు రాయమని శిక్షణ ఇచ్చేదీ, రాసినవాళ్లకి మార్కులు కోసేదీ ఒకే ఆసుపత్రి. ఇందులో నష్టపోయేది మంచం మీదున్న రోగి.

"భయపడితే ఎలా, ధైర్యంగా చెప్పొచ్చు కదా" అనేవాళ్లు జీతం సంగతి కూడా చూడాలి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా, 50 పడకల లోపు చిన్నవాటిలో కూడా నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలంది. చాలాచోట్ల అది కాగితం మీదే ఉండిపోయింది. అసలు జీతమే చాలనప్పుడు ఏడాదికొకసారి పెరిగే ఆ కాస్తా ఈ మార్కుల మీదే ఆధారపడితే, తన తప్పు తానే రాసిచ్చే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో, వాళ్ల గురించి రాసిన ప్రతి గ్రేడింగూ వాళ్లకి తెలియజేయాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటులో మార్కు చెప్తారు గానీ కారణం రాసివ్వమంటే ఇవ్వరు.

బ్రిటన్ వెళ్లిన మన తెలుగు నర్సులు అక్కడి రీవాలిడేషన్ గురించి చెబుతుంటారు. నర్సుగా రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసుకోవడానికి 2016 ఏప్రిల్ నుంచి ఉన్న పద్ధతి అది. మూడేళ్లకోసారి 450 గంటల ప్రాక్టీసు, 35 గంటల చదువు చూపించడంతో పాటు, తమ పని గురించి ఐదు అనుభవాలు రాసి ఇంకో నర్సుతో కూర్చుని చర్చించాలి. పొరపాటు జరిగితే దాన్నుంచి ఏం నేర్చుకున్నారో కూడా అందులో రాసుకోవచ్చు. అక్కడ అన్నీ బాగున్నాయని కాదు, ఆ ఒక్క చర్చ మనకీ కావాలి.

వచ్చే ఏప్రిల్ ఫారాలు తయారుచేసేవాళ్లు రెండు పనులు చేయొచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు. ఇన్సిడెంట్ రిపోర్టులు నేరుగా క్వాలిటీ విభాగానికే వెళ్లాలి, మార్కులు వేసే ఫైల్లోకి రాకూడదు. ఫారంలో మొదటి గడిలో, సిస్టర్ తన పేరు రాయకముందే, ఏడాది మొత్తం ఆమెకి షిఫ్టుకి సగటున ఎంతమంది రోగుల్ని అప్పగించారో ఆసుపత్రే నింపి ఇవ్వాలి.