ఐజీఎస్టీ రీఫండ్ ఆగేది ఎక్కడంటే

ఎగుమతి మీద కట్టిన ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు, ఎగుమతులకు వర్తించే జీఎస్టీ) వెనక్కి రావడం గురించిన ఒక వ్యాసంలో, షిప్పింగ్ బిల్లే (సరుకు పంపేటప్పుడు కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) రీఫండ్ దరఖాస్తు, వేరే ఫారం అక్కర్లేదని రాశారు. ఐజీఎస్టీ కట్టి సరుకు పంపినవాళ్ల విషయంలో అది నిజమే. కానీ డబ్బు ఆగిపోయేది జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను)లో ఎగుమతులు చూపే 6ఏ పట్టిక దగ్గర. అక్కడి ఇన్‌వాయిస్ నంబరు, షిప్పింగ్ బిల్లులోని నంబరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. కస్టమ్స్ ఏజెంటుకు ప్యాకింగ్ కోసం రాసిన వేరే ఇన్‌వాయిస్ ఇచ్చారో, ఎస్‌బీ005 ఎర్రర్ (ఇన్‌వాయిస్ నంబరు సరిపోలలేదని) ఖాయం. మీ రిటర్నులో తప్పయితే జీఎస్టీఆర్-1లోనే సవరణలకున్న 9ఏ పట్టికలో దిద్దుకోవచ్చు. షిప్పింగ్ బిల్లులోనే తప్పుంటే మాత్రం రెండు నంబర్లనూ జత చూపే పట్టిక పట్టుకుని కస్టమ్స్ ఆఫీసుకు వెళ్లాల్సిందే, అందుకే బిల్లు దాఖలు చేసేముందే ఏజెంటు దగ్గర చెక్‌లిస్టు (బిల్లు ముసాయిదా) అడిగి చదవండి.

6ఏలో రాసే పోర్ట్ కోడ్‌లో (సరుకు బయల్దేరే రేవు గుర్తు) అక్షరాలు, అంకెలు కలిపి ఆరుంటాయి. విశాఖ ఓడరేవుకు చివర 1, విమానాశ్రయానికి 4. ఇక్కడ చాలామంది పొరబడతారు.

ఇంకొకటి: జీఎస్టీఆర్-3బీలో (పన్ను కట్టే రిటర్ను) ఎగుమతి పన్నును 3.1(బి)లోనే చూపాలి. మామూలు అమ్మకాలకున్న 3.1(ఎ)లో వేస్తే పన్ను కట్టినా వివరాలు కస్టమ్స్‌కు చేరవు. పన్ను కట్టకుండా ఎల్‌యూటీ (జీఎస్టీ శాఖకిచ్చే హామీపత్రం) మీద పంపేవాళ్లు దాన్ని ఏటా ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో కొత్తగా ఇవ్వాలి, పాతదాని చెల్లుబాటు మార్చి 31తో ముగుస్తుంది. అలా పంపే సరుకు ఇన్‌వాయిస్ తేదీ నుంచి 3 నెలల్లో దేశం దాటాలి.