సోల్‌రాడ్-1 ఉపగ్రహంలో సూర్యుడి పరిశోధన ఉత్త ముసుగు అన్నారు కదా, మరి అందులో అయస్కాంతాలు ఎందుకు పెట్టినట్టు?

సోల్‌రాడ్-1 పేరెత్తితే చాలు, అందరూ గూఢచర్యం కథే ఎత్తుకుంటారు. కథలో మసాలా ఉన్న మాట నిజమే. 1960 జూన్ 22న కేప్ కెనవెరాల్ నుంచి ఎగిరిన 19 కిలోల గోళం అది. అమెరికా నేవీ వాళ్లది. సూర్యుణ్ణి చదవడానికి అని బయటికి చెప్పారు. లోపల ఇంకో పరికరం సోవియట్ రాడార్ల సిగ్నళ్లు పట్టి కిందికి పంపేది. అమెరికా గూఢచారి విమానం యూ-2ని సోవియట్లు కూల్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఈ గుట్టు 1998లో గానీ బయటపడలేదు.

ఇక అప్పట్నుంచీ ఒకటే పాట: "సూర్యుడి పరిశోధన ఉత్త ముసుగు." నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఆ రోజుల్లో ఓడలకీ విమానాలకీ దూరం మాట్లాడాలంటే షార్ట్‌వేవ్ రేడియోనే దిక్కు. సూర్యుడి మీద జ్వాల లేస్తే పగలున్న వైపు రేడియో మూగబోయేది. కారణం అతినీలలోహిత కిరణాలా, ఎక్స్ కిరణాలా? ఎక్స్ కిరణాలేనని నావల్ రీసెర్చ్ ల్యాబ్‌లో హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్ బృందానికి గట్టి అనుమానం. రాకెట్లు పంపి చూశారు. కానీ రాకెట్ పైన ఉండేది కొద్ది నిమిషాలే, జ్వాలేమో చెప్పి రాదు. 1959లో వాన్‌గార్డ్-3 ఉపగ్రహం మీద పెట్టిన డిటెక్టర్లని, భూమి చుట్టూ విద్యుదావేశపు కణాలు చిక్కుకుని ఉండే వాన్ అలెన్ పట్టీల కణాలు ముంచేశాయి, అసలు సంగతి ఏమీ దొరకలేదు.

అందుకని సోల్‌రాడ్‌లో ఎక్స్ కిరణాల డిటెక్టర్ దగ్గర అయస్కాంతాలు బిగించారు. దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు పక్కకి వంగిపోతాయి. ఎక్స్ కిరణాలకి అయస్కాంతం లెక్కే లేదు, తిన్నగా లోపలికి. ఉత్త ముసుగుకి ఇంత తంటాలు ఎవరు పడతారండీ?

టేప్ రికార్డర్ కూడా లేదు పాపం. నేల మీది స్టేషన్ మీదుగా వెళ్లే ఆ కాసేపట్లో విన్నదే దక్కుడు. అయినా తేల్చిపారేసింది: జ్వాలప్పుడు ఎక్స్ కిరణాలు ఎగబాకుతున్నాయి, అయనోవరణం (పై గాలిలో విద్యుదావేశం ఉన్న భాగం) కింది పొరలో ఎలక్ట్రాన్లు పెరిగి రేడియో తరంగాల్ని మింగేస్తున్నాయి. ఇవాళ వార్తల్లో "ఎక్స్ క్లాస్ జ్వాల" అంటున్నారే, ఆ తరగతులు ఇచ్చేది కూడా ఎక్స్ కిరణాల తీవ్రత చూసే.

దీని తమ్ముడు ఉపగ్రహం 1960 నవంబర్ 30న రాకెట్ చెడి కూలితే, ముక్కలు క్యూబాలో పడి ఓ ఆవు చచ్చిందని పెద్ద గొడవైంది. ఆ ఆవుకి వచ్చినంత పేరు కూడా ఈ డిటెక్టర్లకి రాలేదు.

ఇంకో సంగతి. సోల్‌రాడ్-1లో గూఢచర్యం సరుకు 1960 సెప్టెంబర్‌తోనే ఆగిపోయింది. సూర్యుడి పరికరాలు ఆ తర్వాత కూడా పనిచేశాయి.